వార్షిక నివేదిక 2024–25: పిల్లలు, ఆటోలు, ఇంకొన్ని పనులు

మన వీధి సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు పనులు. అడ్డరోడ్డు చివర కాలువ పూడిక తీయించాం, మళ్ళీ పూడింది. వీధి దీపాలు రెండు తప్ప అన్నీ వెలుగుతున్నాయి. వినాయక చవితి బాగా జరిగింది. లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. మిగతా నివేదికంతా పిల్లలు తోటిపిల్లల్ని ఏడిపించడం గురించే. ఏడాది మొదట్లో అనుకున్న పని కాదిది, మీద పడ్డ పని.

జులైలో మన లైనులోని ఒకావిడ వచ్చి వాళ్ళబ్బాయి గురించి చెప్పారు. నాలుగో తరగతి. బడి నుంచి రాగానే షూ కూడా విప్పకుండా బాత్రూమ్‌కి పరిగెడుతున్నాడు. పొద్దున నింపిచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. అదీ గుంటూరు ఉక్కపోతలో. ఆవిడ టెన్షన్ పడి షుగర్ టెస్టు కూడా చేయించారు. వారం తర్వాత గానీ సంగతి బయటపడలేదు. ఇంటర్వెల్‌లో ఏడో తరగతి పిల్లలు ముగ్గురు టాయిలెట్ గుమ్మంలో నిలబడి "సోడాబుడ్డీ, టికెట్ ఏదిరా?" అని వాణ్ణి లోపలికి పోనివ్వడం లేదు. నీళ్ళు తాగకపోతే అటు వెళ్ళే అవసరమే రాదని వాడికి వాడే లెక్క వేసుకున్నాడు.

ఆ నెల సమావేశంలో ఒక పెద్దాయన "మా రోజుల్లో పేర్లు పెట్టుకోలేదా, అలాగే రాటుదేలాం" అన్నారు. ఇద్దరు ముగ్గురు తలూపారు. నేనూ ఊపాను, దాచడమెందుకు.

ఆ తర్వాత చేసింది ఇంకా తప్పు. ఆ ముగ్గురిలో ఒకడు మన వీధివాడే. చిన్నవాణ్ణీ వాణ్ణీ సంఘం గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, చేతులు కలిపించి, చెరో చాక్లెట్ ఇచ్చి పంపాం. "ఇంకేమైనా ఉందా నాన్నా?" అంటే చిన్నవాడు పెద్దవాడి వైపు ఒకసారి చూసి, "ఏం లేదంకుల్" అన్నాడు. మర్నాడు ఆటోలో వాడి కళ్ళజోడు మాయమైంది.

కొట్లాటకు చేసే రాజీని మనం దీనికి చేశాం. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వవేత్త 1970ల నుంచి నార్వే, స్వీడన్ బళ్ళలో ఈ విషయం మీదే పనిచేశారు. కావాలని, పదేపదే, ఎదిరించలేని వాడి మీద చేస్తేనే దాన్ని ఏడిపించడం అనాలని ఆయన చెప్పారు. సమఉజ్జీలు తన్నుకుంటే మధ్యవర్తి చాలు. ఇక్కడ ఒకవైపు ముగ్గురు, ఇంకోవైపు ఒక్కడు. అలాంటివాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెడితే చిన్నవాడికి ఇంకాస్త భయం పెరుగుతుంది, అంతే. విడివిడిగా మాట్లాడాలి. ఇది మనకు ఒక కళ్ళజోడు ఖరీదుకు తెలిసింది. ఆ డబ్బు సంఘమే ఇచ్చింది, లెక్కల్లో కనపడుతుంది.

ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా వేరే రకంగా కనపడింది. కొట్టడం ఉండదు, కటీఫ్ ఉంటుంది. పుట్టినరోజుకు క్లాసంతటినీ పిలిచి ఒక్కదాన్ని వదిలేయడం, అమ్మ ఫోన్‌లోని వాట్సాప్ గ్రూపులోంచి తీసేయడం. దెబ్బ కనపడదు కాబట్టి పెద్దవాళ్ళకు ఇది కంప్లయింట్‌లాగే అనిపించదు.

కళ్ళజోడు సంగతి ఆటో డ్రైవర్‌ని అడిగాం. "శంకర్ విలాస్ బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడల్లా మొదలెడతారండీ. అద్దంలో చూస్తూనే ఉన్నా. నన్నెవరూ అడగలేదు" అన్నాడాయన. బడిలో జరిగింది బడివాళ్ళు చూడాలి, ఇంట్లో జరిగింది మనం చూస్తాం. మధ్యలో ఆటో, లిఫ్టు, సెల్లార్, ట్యూషన్ మెట్లు ఉన్నాయి. అవి ఎవరివీ కావు. నా దృష్టిలో సంఘం పని అక్కడే ఉంది. ఇప్పుడు మన లైనుకు వచ్చే ఆటోల్లో చిన్నపిల్లలు డ్రైవర్ వెనక సీట్లో, పెద్ద క్లాసుల పిల్లలు వాళ్ళకు ఎదురుగా కాకుండా వెనకవైపు కూర్చుంటున్నారు. బ్యాగులు ఎవరివి వాళ్ళే మోసుకుంటారు. దీనికి పైసా ఖర్చు కాలేదు.

చూస్తూ నిలబడే పిల్లల సంగతి మనకు ముందు తట్టలేదు. టొరంటో బడి ఆటస్థలాల్లో చేసిన ఒక పరిశీలన 2001లో అచ్చయింది. తోటిపిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో సగానికి పైగా పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయిందట. అది చదివాకే ఆదివారాలు సంఘం గదిలో పిల్లలతో చిన్న చిన్న నాటకాలు వేయించాం. "ఆపండిరా" అని ఎదురెళ్ళాలని మేం నేర్పబోయాం. ఎవరికీ నోరు పెగల్లేదు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం నేరుగా వెళ్ళి ఏడుస్తున్న వాడి చెయ్యి పట్టుకుని, "రేయ్, నిన్ను మిస్ పిలుస్తున్నారు, రా" అని లాక్కుపోయింది. మిగతా పిల్లలందరూ అదే పట్టుకున్నారు. పిల్లలకు అబద్ధాలు నేర్పుతున్నారని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పారు, మినిట్స్‌లో రాశాం.

చెబితే "చాడీలకోరు" అంటారనే భయం పిల్లలకు చాలా ఉంది. అందుకే ఇంట్లో "ఎవడైనా కొట్టాడా?" అని అడగడం మానమన్నాం. "ఇవాళ ఆటోలో ఎవరి పక్కన కూర్చున్నావ్?" అంటే ఎక్కువ తెలుస్తోంది.

డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్ళలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు మనవాళ్ళు కొందరు టాయిలెట్ల దగ్గర పెద్దవాళ్ళెవరైనా ఉండాలని అడిగారు. ఒక బడిలో ఇంటర్వెల్‌కి ఆయమ్మ అక్కడ నిలబడుతోంది. జులైలో గొడవ జరిగిన ప్రైవేటు బడికి రెండు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుందని రెండో ఉత్తరంలో గుర్తుచేశాం. చైల్డ్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 నంబర్లు లిఫ్టుల్లో అతికించాం. రెండూ ఉచితం, ఏ వేళనైనా పలుకుతాయి.

ఏడిపించిన పిల్లాడి విషయంలో మాత్రం మనం ఏమీ చేయలేకపోయాం. వారం వారం టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారట, వాడు రెండుసార్లు కింది సెక్షన్‌కి దిగాడు. వాళ్ళ నాన్నగారు ఒక్కసారే మాట్లాడారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. వాణ్ణి వీధిలో దోషిలా చూడొద్దని సభ్యులకు మనవి. వాడికీ పన్నెండేళ్ళే.

జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఆటో, వ్యాన్ డ్రైవర్లందరితో ఒక సమావేశం పెడుతున్నాం. టీ, సమోసా సంఘం ఖర్చు. మీ పిల్లల్ని తీసుకెళ్ళే ఆటో నంబరు, డ్రైవర్ ఫోను మే నెలాఖరులోగా ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి