ఆ డి3500 కొనే ముందు

అమ్మలూ,

మీ సీనియర్ అమ్ముతానన్న నికాన్ డి3500 వివరాలు చూశాను. ధర కుదిరితే తీసుకో. 2018లో వచ్చిన మోడల్, ఇప్పుడు తయారీ ఆపేశారు. అయినా పని నేర్చుకునేవాళ్లకు ఇది ఇప్పటికీ మంచి కెమెరానే. ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో ముందే తెలిసి కొంటే చాలు.

దీని బలమంతా సెన్సర్, అంటే వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్పు. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సైజు సెన్సర్, ఫోన్‌లో ఉండేదానికంటే చాలా పెద్దది. కెమెరా కుదించి ఇచ్చే జేపెగ్ కాకుండా, సెన్సర్ పట్టినదంతా దాచే రా ఫైలుగా తీస్తే, నీడలో పడ్డ ముఖాన్ని తర్వాత రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు వెలుగు, పైకి లాగినా రంగు చెడదు. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే అనుమానంగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) కాస్త తగ్గించే తియ్యి. బ్యాటరీ కూడా గట్టిది. ఒక్క ఛార్జికి 1,550 ఫొటోలని కంపెనీ లెక్క, అదీ వ్యూఫైండర్‌లో చూసి తీస్తేనే. వెనక తెర మీద చూస్తూ తీస్తే త్వరగా దిగిపోతుంది, ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది.

వీడియో కోసమైతే ఇది వద్దు. 4కె లేదు, బయటి మైకు పెట్టే జాక్ లేదు, తెర తిరగదు. వైఫై కూడా లేదు. బ్లూటూత్‌లో ఫోన్‌కి వచ్చేవి 2 మెగాపిక్సెళ్ల చిన్న కాపీలే, కాబట్టి కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కో.

అసలు జాగ్రత్త పడాల్సింది లెన్సు దగ్గర. ఈ బాడీలో ఫోకస్ మోటారు లేదు, లెన్సులోనే ఉండాలి. షాపులో చవగ్గా వస్తుందని 50 ఎంఎం ఎఫ్/1.8డి అనే పాత రకం లెన్సు అంటగడతారు. అది బిగుస్తుంది, ఫొటో కూడా వస్తుంది, కానీ ఆటోఫోకస్ పనిచెయ్యదు, ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి. పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పి గానీ ఉంటేనే కొను.

నన్నడిగితే డబ్బు మిగిల్చి 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్ తీసుకో. కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్సుని (కిట్ లెన్సు) 55 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు; ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. 35 ఎంఎం లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి తెస్తుంది. ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే పెంచే సెట్టింగు, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 6400 కావాల్సిన కల్యాణ మండపంలో 800తో సరిపెట్టుకోవచ్చు. రేపు నికాన్ కొత్త తరం జెడ్ కెమెరాకి మారినా, ఈ రకం లెన్సుని దానికి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఈ లెన్సు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. పాతబడేది బాడీ, లెన్సు కాదు.

పెళ్లిళ్లలో తీస్తానన్నావు కాబట్టి మూడు ముక్కలు. ఫోకస్ పాయింట్లు 11 ఉన్నా గట్టిగా పట్టేది మధ్యదొక్కటే. ఎంపిక కెమెరాకే వదిలేస్తే దగ్గరున్న వస్తువుని పట్టుకుంటుంది. పెళ్లికూతురి చేతిలో కొబ్బరిబొండం స్పష్టంగా వచ్చి ముఖం మసకగా పోయేది ఇలాగే. సింగిల్ పాయింట్ పెట్టి, మధ్య చుక్కని కంటి మీద ఉంచి, షట్టర్ సగం నొక్కి పట్టుకుని అప్పుడు ఫ్రేమ్ సర్దుకో. ఇక రెండోది, మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు గానీ షట్టర్ వేగం 1/250 సెకనులో పెట్టి వరసగా తీస్తే ఒకటి వెలుగ్గా, ఇంకొకటి పసుపుగా, మరొకటి చీకటిగా వస్తాయి. 1/100కి దిగు. మూడోది, తెల్ల పట్టుచీర ఫ్రేమంతా నిండితే వెలుతురు కొలిచే మీటరు మోసపోయి దాన్ని బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో ప్లస్ 0.7 ఇవ్వు.

వైజాగ్ గాలికి ఇంకో బెడద ఉంది. ఈ మోడల్‌లో సెన్సర్‌ని తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు. బీచ్‌లో లెన్సు మార్చకు. దుమ్ము పడితే బ్యాటరీ నిండా ఛార్జి చేసి, సెటప్ మెనూలో మిర్రర్ పైకెత్తే ఆప్షన్ పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదు. నోటితో ఊదావో, ఉమ్మి తుంపర పడి అప్పుడిక సర్వీస్ సెంటరే దిక్కు. వాడనప్పుడు బ్యాగులో వద్దు, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు. తేమకి లెన్సులో ఫంగస్ వస్తే బాగుచేయించే ఖర్చుకి ఇంకో కిట్ లెన్సు వచ్చినా వస్తుంది.

డబ్బిచ్చే ముందు అక్కడే చూడాల్సినవి: లెన్సు తీసి ఒకవైపు నుంచి సెల్ టార్చ్ వేసి లోపల సాలెగూడులాంటి పోగులున్నాయేమో చూడు. మెమరీ కార్డు నీదే తీసుకెళ్లు. ఎఫ్/22 పెట్టి, ఫోకస్ కావాలనే తప్పించి తెల్లగోడని ఒకటి తియ్యి, సెన్సర్ మీద దుమ్ముంటే నల్లచుక్కలుగా కనిపిస్తుంది. పాప్అప్ ఫ్లాష్ రెండుసార్లు వెలిగించు. ఛార్జర్ అసలుదేనా అడుగు, యూఎస్‌బీ తీగతో ఈ కెమెరా ఛార్జి అవ్వదు.

ఆ గోడ జేపెగ్‌ని నాకు మెయిల్ చెయ్యి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి వివరాలన్నీ పోతాయి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అందులోంచి చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

అమ్మ