పక్క బెంచీవారి చెవుల గతేమిటి?

సంపాదకుల వారికి,

షూటింగ్ రేంజిలో మజిల్ బ్రేక్ బిగించిన రైఫిల్ మోత గురించి జరిగిన గొడవపై గతవారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. అది ‘సభ్యుల మధ్య చిన్న మనస్పర్థ’ అట! లోపలి చెవిలోని సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అలా పోయిన వినికిడి ఏ రాజీతో తిరిగివస్తుంది?

మజిల్ బ్రేక్ చేసే పనేమిటో వార్తలో ఒక్క ముక్కా లేదు. గొట్టం చివర బిగించే ఆ పరికరం తూటా వెంట వచ్చే వాయువులను పక్కలకు, కొంత వెనక్కి మళ్లిస్తుంది. దానితో భుజానికి తగిలే తన్ను తగ్గుతుంది. నా పెద్ద రైఫిల్‌కూ అది ఉంది, దాని మేలు నాకు తెలుసు. కానీ ఆ దెబ్బంతా పోయేది పక్క బెంచీ మీదికే. మామూలు వేట రైఫిల్ మోతే 155 డెసిబెళ్లు దాటుతుంది. ఇలాంటి శబ్దానికి పెద్దల చెవులకు పెట్టిన హద్దు 140. బ్రేక్ దానికి ఇంకొన్ని కలుపుతుంది. ఆరు డెసిబెళ్లు పెరిగాయంటే ధ్వని పీడనం రెట్టింపైనట్టే. పైన కప్పు, పక్కన గోడ ఉంటే అదే మోత తిరిగివచ్చి మళ్లీ తగులుతుంది.

పక్కన కూర్చుని చూడండి. బెంచీ మీది టార్గెట్ కాగితాలు లేచిపోతాయి, దుమ్ము కళ్లలో పడుతుంది, ఛాతీ అదురుతుంది. ట్రిగ్గర్ మీద వేలు ఉంచి గురి చూస్తున్న కొత్తవారు ఉలిక్కిపడతారు. చేతిలో నిండు తుపాకీ ఉన్న మనిషి ఉలిక్కిపడితే అది చిన్న విషయమా? కొందరికి ఆ బెదురు పాతుకుపోయి, సొంత రైఫిల్ పేల్చేటప్పుడూ కళ్లు మూసుకుంటారు.

చెవులు కప్పుకోమని సలహా ఇస్తారు. కప్పుకుంటూనే ఉన్నాం, లోపల ప్లగ్గు, పైన మఫ్. రెండూ పెట్టినా రక్షణ రెండింతలు కాదు. ఒకటి పెట్టుకున్నదానికన్నా దాదాపు అయిదు డెసిబెళ్లు ఎక్కువ దక్కుతుంది, అంతే.

బ్రేక్ విప్పితే తూటా తగిలే చోటు మారుతుందన్న మాట నిజమే. అందుకే విప్పమని నేను పట్టుపట్టను. బ్రేక్ వాడేవారు చివరి బెంచీకి జరగండి. పక్కవారు గురి మీద ఉంటే ఆగండి. మొదటి తూటాకు ముందు ఒక మాట చెప్పండి. పిల్లలు నేర్చుకునే వేళ పెద్ద రైఫిల్ తీయకండి. ఇందులో ఖర్చయ్యేదేముంది?

రేంజి కమిటీకి ఇదేదీ పట్టదు. రుసుము పెంచే చురుకు నియమం రాయడంలో ఉండదు. వాహనాలు ఎక్కడ నిలపాలో చెప్పే బోర్డులు ఉన్నాయి, ఏ రైఫిల్ ఎక్కడ పేల్చాలో చెప్పేది లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనలే రైఫిళ్లకు మజిల్ బ్రేక్ వద్దంటున్నాయి. అంత దూరం పోనక్కర్లేదు, బెంచీలు కేటాయిస్తే చాలు. ఏ కార్యాలయంలోనైనా ఇదే తంతు. ఫిర్యాదు రాసివ్వమంటారు, రాసిస్తే పరిశీలిస్తామంటారు. రక్తం కారితే తప్ప వారి లెక్కలో ప్రమాదం కాదు. చెవి పోయినవాడికి రక్తం కారదు కదా!

వచ్చే సమావేశంలో బ్రేక్ ఉన్న రైఫిళ్లకు చివరి రెండు బెంచీలు కేటాయించి, ఆ సంగతి గోడ మీద రాయించాలి. పాటించని వారిని ఆపే అధికారం రేంజి ఆఫీసరుకు ఇవ్వాలి. సమావేశానికి మీ విలేకరినీ పంపించి, కమిటీ ఏమి తేల్చిందో పూర్తిగా ప్రచురించండి.

ఇట్లు,
ఒక రైఫిల్ షూటర్