కందిరీగ ఫొటో వేసి తేనెటీగల వార్తా?

సంపాదకుడు గారికి,

అపార్ట్‌మెంట్ తేనెతుట్టె వార్త మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు, ఇక నేనే రాస్తున్నాను. 'తేనెటీగల బీభత్సం' అని హెడ్డింగ్ పెట్టారు. కుట్టించుకున్న వాళ్లకు అది బీభత్సమే, కాదనను. కానీ పక్కన వేసిన ఫొటో కందిరీగది! ఆ సన్నటి నడుము, వేలాడే పొడుగు కాళ్లు చూస్తే అయిదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పు దొరికితే ఇంట్లో అందరికీ చూపించుకునేవాళ్లం, అంత అరుదు మరి.

ఆ వార్త పుణ్యమా అని మా అపార్ట్‌మెంట్ కమిటీకి పని దొరికింది. ఒంటరిగా బతికే ఈగలు గూడు పెట్టుకుంటాయని మా బాల్కనీలో మనవరాలి కోసం కట్టిన వెదురు బొంగుల కట్టను వెంటనే తీసేయాలట. వాట్సాప్ గ్రూపులో మెసేజ్, దాని కింద వరసగా బొటనవేళ్లు. అందులో తుట్టె లేదు, తేనె లేదు, రాణి లేదు మొర్రో అన్నా వినే నాథుడు లేడు.

లోకంలో తేనెటీగల జాతులు 20 వేలకు పైనే. వాటిలో చాలావాటికి గుంపు, కాపలా ఏమీ ఉండవు. ఒక తల్లి తనంతట తానే గూడు చూసుకుని గుడ్లు పెట్టుకుంటుంది. దాచిన తేనె లేదు కాబట్టి మన వెంటపడి తరమాల్సిన అవసరం దానికి లేదు. చేతిలో పట్టి నలిపితే తప్ప కుట్టదు. మగవాటికైతే అసలు ముల్లే ఉండదు.

అలాంటి వాటి కోసమే ఆ కట్ట. మేదరి వాళ్ల దగ్గర మిగిలిపోయిన సన్న వెదురు తెచ్చి జానెడు ముక్కలు కోయించాం. ఒక వైపు కణుపు మూసి ఉండాలి, రెండో వైపు పెన్సిల్ దూరేంత రంధ్రం. లోపల పేళ్లు లేకుండా గీకి, సుతిలితో బిగించి, పొద్దుటి ఎండ తగిలే చోట, జల్లు పడకుండా, గాలికి ఊగకుండా కట్టాలి. ఖాళీ అయిన బొంగులు మారుస్తుండాలి, లేకపోతే బూజు, చీమలు. ఖర్చు ఏమంత లేదు. పిల్ల ఫోన్ పక్కన పెట్టి కూర్చుంది, ఇంకేం కావాలి?

మా గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా కోసేసి కనిపిస్తే ముందు పురుగు పట్టిందనుకుంది మనవరాలు. తర్వాత దొంగ దొరికింది, ఆకులు కోసే ఈగ. ఆకు ముక్కను కాళ్ల మధ్య ఇరికించుకుని ఎగిరొచ్చి బొంగులో దూరుతుంది, లోపల బీడీ చుట్టినట్టు చుడుతుంది. ఇంకోసారి వచ్చినప్పుడు పొట్ట కింద అంతా పుప్పొడి. ఆ ముద్ద మీద ఒక గుడ్డు పెట్టి, ఆకు మూత వేసి, పక్కన ఇంకో గది మొదలుపెడుతుంది. ఆడపిల్లల గుడ్లు లోపలి గదుల్లో, మగపిల్లలవి గుమ్మం వైపు. "వాటికి అన్నం ఎవరు పెడతారు అమ్మమ్మా?" అనడిగింది. అన్నం ముందే పెట్టేసి తలుపు వేసిందని చెప్పాను.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంబరపడ్డాం. ఆ కంది పూల మీద వాలేవాటిలో ఈ ఆకులు కోసే ఈగలూ, తుమ్మెదలూ ముఖ్యమైనవి. విత్తనం కోసం కంది వేసేవాళ్లు రకాలు కలిసిపోకుండా చేనుకీ చేనుకీ దూరం పాటించేది ఇలాంటి ఈగల వల్లే. టమాటా, వంగ పూలలో పుప్పొడి బాగా రాలాలంటే పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరించాలి. ఆ విద్య పెట్టెల్లో పెంచే తేనెటీగలకు రాదు, తుమ్మెదకూ నీలి చారల ఈగకూ వచ్చు. పిల్లల చేత తుమ్మెద పద్యాలు బట్టీ పట్టిస్తాం, అదే తుమ్మెద బాల్కనీలోకి వస్తే దోమల బ్యాటు తీస్తాం.

నీలి చారల ఈగ గూడు పెట్టేది నేలలో, మట్టిగోడల్లో. మట్టి ఎక్కడుంది? పార్కు అంటే ఇంటర్‌లాకింగ్ టైల్స్, ఓపెన్ జిమ్, ప్రారంభించిన వారి పేరుతో శిలాఫలకం. రోడ్ల మధ్య కోనోకార్పస్ చెట్లు అధికారులే నాటించారు, గగ్గోలు రేగాక వాళ్లే కొట్టించారు, రెండు సార్లూ బిల్లులు మాత్రం పాసయ్యే ఉంటాయి. మే 20న ప్రపంచ తేనెటీగల దినోత్సవమని ఐక్యరాజ్యసమితి 2017లో ప్రకటించింది. అప్పుడు మన బళ్లకు వేసవి సెలవులు. అందుకే కాబోలు, ఆ రోజు పేపర్లో పిల్లలు ఉండరు, అధికారులే ఉంటారు.

వాటర్ ట్యాంకు కింద వేలాడే పెద్ద తేనెటీగల తుట్టె సంగతి వేరు. దాని దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదు, కదిలిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. తెలిసినవాళ్లను పిలిచి తీయించాలి గానీ డీజిల్ గుడ్డ పట్టుకుని వాచ్‌మన్‌ను నిచ్చెన ఎక్కించడం ఏం పని? నల్లమల చెంచులు తరతరాలుగా తేనె తీస్తున్నారు. వాళ్లను అడిగి నేర్చుకోవడానికి మన ఇంజినీర్లకు నామోషీ.

మీరు చేయాల్సింది చిన్న పని. ఈసారి సరైన ఫొటో వేసి సవరణ ప్రచురించండి. మూలన నాలుగు లైన్లు కాదు, వార్త వేసినంత సైజులో. కమిటీ వారికి నా జవాబు కూడా ఇందులోనే: మూతలు పడ్డ బొంగుల్లోంచి పిల్లలు బయటికి వచ్చేదాకా కట్ట కదలదు. మీటింగు పెట్టాలనుకుంటే ముందు లిఫ్టు సంగతి తేల్చండి, మూడో అంతస్తుకు మెట్లెక్కి రాలేకపోతున్నాను.

— ఒక పాఠకురాలు, హనుమకొండ