రాత్రి డ్యూటీకి ఒక్క ఆయా చాలదు: మన హోమ్‌లో జరిగిన రెండు తప్పులు, పెరుగుతున్న ఫీజు

మన హోమ్‌లో అమ్మానాన్నల్ని, అత్తమామల్ని ఉంచిన అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి ఫీజు నెలకు 1,800 రూపాయలు పెంచుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఇక్కడ జరిగిన రెండు తప్పుల గురించి చెప్పాలి. ఆ రెండు కుటుంబాలకూ వెంటనే ఫోన్ చేసి చెప్పాను. మిగతా వాళ్ళకి మాత్రం ఆ నోటా ఈ నోటా ఏదో ఒకటి చేరి, "ఏమైందండీ, మా అమ్మ బాగానే ఉందా" అని టెన్షన్‌తో ఫోన్లు చేస్తున్నారు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పోయిన నెల ఒక రాత్రి మూడు దాటాక, 81 ఏళ్ళ మామ్మగారు బాత్రూంకి లేచి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆ టైంలో ఆయా పై అంతస్తులో ఒకరికి డైపర్ మారుస్తోంది. 24 మందికి రాత్రిపూట ఒక్క ఆయా, గేటు దగ్గర వాచ్‌మన్, అంతే. ఆమె ఎంతసేపు నేల మీద ఉన్నారో ఈరోజుకీ చెప్పలేను, ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆవిడని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక నేనే ఆ మంచం మీద పడుకుని చూశాను. కాలింగ్ బెల్ స్విచ్ తల వెనక గోడకి ఉంది, లేచి కూర్చుని వెనక్కి తిరిగితే తప్ప చెయ్యి అందదు. బాత్రూం గడప అంగుళంన్నర ఎత్తు. లోపల కుళాయి వాషర్ పోయి సన్నగా కారుతోంది, టైల్స్ అంతా తడి. ఆ కుళాయి సంగతి వారం ముందే ఆయా నాతో చెప్పింది, రేపు ప్లంబర్‌ని పిలుద్దాంలే అనుకుంటూ నేనే ఉండిపోయాను. అందులో ఆయా తప్పేమీ లేదు, నాదే.

ఇప్పుడు ప్రతి మంచం పక్క కమ్మీకి బెల్ తాడు కట్టించాం, పడుకునే లాగొచ్చు. గడపలు కొట్టించి నేల సమం చేయించాను, కమోడ్‌కి రెండు వైపులా పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీలు వేయించాను, మంచం నుంచి బాత్రూం దాకా కింద చిన్న లైటు రాత్రంతా వెలుగుతుంది. మన దగ్గరికి వచ్చే డాక్టరుగారు అందరి మందుల చీటీలూ మళ్ళీ చూసి, యూరిన్ ఎక్కువ పోయే మాత్రలు ఎవరెవరికి రాత్రి నుంచి పొద్దుటికి మార్చవచ్చో మార్చారు. బీపీ మాత్ర వేసుకున్న పెద్దవాళ్ళు గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, అందుకే కాళ్ళు కిందికి వేసి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని లేవమని రోజూ చెబుతున్నాం. మీరు ఫోన్ చేసినప్పుడు మీరూ చెప్పండి, మా మాట కంటే మీ మాట బాగా వింటారు.

రెండోది మందుల దగ్గర జరిగింది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు మాస్టార్లు పక్కపక్క గదుల్లో ఉంటారు. ఒకరి గ్లిమెపిరైడ్, అంటే షుగర్ మాత్ర, రెండో ఆయనకి ఇచ్చేశారు. పైగా ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తొమ్మిదిన్నరకి చెమటలు, చేతుల వణుకు. గ్లూకోమీటర్‌లో 58 వచ్చింది. షుగర్ 70 కంటే తగ్గితే ఆగకూడదు, వెంటనే గ్లాసు నీళ్ళలో మూడు స్పూన్ల పంచదార కలిపి తాగించాం, పావుగంట తర్వాత చూస్తే 84. ఈ మాత్ర ప్రభావం చాలా గంటలు ఉంటుంది, తేరుకున్నాక కూడా షుగర్ మళ్ళీ పడిపోవచ్చు, కాబట్టి డాక్టరుగారు ఫోన్‌లో చెప్పినట్టు కొంచెం అన్నం పెట్టి తెల్లవార్లూ గంటగంటకీ చూస్తూ కూర్చున్నాం. వాళ్ళమ్మాయికి పదింటికే ఫోన్ చేశాను. ఆవిడ కోప్పడ్డారు, కోప్పడాలి కూడా.

ఇప్పుడు మందుల డబ్బాల మీద పేరుతో పాటు ఫోటో అంటించాం. ఒకరు తీస్తే ఇంకొకరు చీటీతో సరిచూసి సంతకం పెడతారు, మాత్ర మింగేదాకా అక్కడే నిలబడతారు. దీనికి మీ సాయం కూడా కావాలి. స్ట్రిప్పులు కత్తిరించి నాలుగు మాత్రలు, ఆరు మాత్రలు పంపకండి. కత్తిరించిన ముక్క మీద చాలాసార్లు పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉండదు. అలా వచ్చినవి ఇకమీదట తీసుకోను.

ఇంకో మాట. "రాత్రిళ్ళు లేవకుండా కుర్చీకో మంచానికో కట్టేయండి, లేదంటే నిద్రమాత్ర వేసెయ్యండి" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. భయంతోనే అడిగారని తెలుసు. కానీ నేను కట్టను. డాక్టరు రాయకుండా నిద్రమాత్ర వేయను, ఆ మత్తులో లేస్తే పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. మంచానికి ఎత్తైన కమ్మీలు పెట్టినా మతిమరుపున్న వాళ్ళు దాని మీంచి దిగబోయి మరింత ఎత్తు నుంచి పడతారు. మంచాల ఎత్తే తగ్గించాం.

అగ్గి సంగతి కూడా చూశాం. సిలిండర్లు వంటగది బయటికి మార్చాం, మంటలార్పే సిలిండర్ల ముల్లు పచ్చగీతలో ఉందో లేదో ప్రతి నెలా ఒకటో తేదీన నేనే చూస్తాను. మొన్న గడియారం పెట్టుకుని, పైన ఉన్న నడవలేని ముగ్గురిని కిందికి దించి చూస్తే 11 నిమిషాలు పట్టింది. నిజంగా మంటలొస్తే అంత టైం ఎవరిస్తారు? ఆ సాయంత్రమే ముగ్గురికీ కింద గదులు ఇచ్చాం. గది మారిందని నొచ్చుకున్న పెద్దాయనకి కారణం ఇదే.

ఇక డబ్బుల లెక్క. 24 మంది నుంచి 1,800 చొప్పున నెలకు 43,200 వస్తుంది. రాత్రికి ఇంకో ఆయా ఉండాలంటే వారం సెలవు, జబ్బులు కలుపుకుని ఇద్దరిని పెట్టాలి, ఇద్దరి జీతాలకి 30,000. మిగతా 13,200తో ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వస్తారు. ఒకేసారి ఇంత కట్టడం కష్టమైన వాళ్ళు నాతో విడిగా మాట్లాడండి, ఆ కారణంగా ఎవరినీ పంపించను. నాతో చెప్పినా పని జరగకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. ఆ నంబరు హాల్లో, ఇక్కడున్న పెద్దవాళ్ళకి కనిపించేంత పెద్ద అక్షరాలతో అంటించాను.

మామ్మగారికి ఆపరేషన్ అయింది, ఇక్కడికే తిరిగొచ్చారు. నిన్న వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేసి, ఐదోది రేపు వేస్తానన్నారు.

చూడ్డానికి వచ్చే వేళలంటూ ఇక ఏమీ లేవు. అర్ధరాత్రి రెండింటికి వచ్చినా గేటు తీయమని వాచ్‌మన్‌కి చెప్పాను, ముందు ఫోన్ చేయక్కర్లేదు. వచ్చి ఆయాలు ఇద్దరూ మేలుకుని ఉన్నారో లేదో చూడండి. అందరూ పడుకుని ఉంటారు కాబట్టి బండి గేటు బయటే ఆపి రండి.