జెండా కర్ర నీడ దగ్గర లెక్కలు నేర్పిన నీకు

పేరు రాయొద్దని నువ్వే అన్నావు, అందుకే రాయడం లేదు. కానీ ఈ కృతజ్ఞత నలుగురి ముందూ చెప్పాలి.

పదో తరగతిలో నాకు లెక్కలంటే భయం, అందులోనూ త్రికోణమితి. 100కి 35 వస్తే పాస్. అవి కూడా వస్తాయో రావోనని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, ఒకటే టెన్షన్. హాస్టల్ వరండాలో మనం ఐదుగురం కూర్చుని చదువుకుంటుంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం నువ్వు నా పుస్తకం మూసేసి జెండా కర్ర దగ్గరికి తీసుకెళ్లావు. "నీడ చూడు" అన్నావు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే కర్రా నీడా సమానం, ఎందుకంటే కర్ర ఎత్తును నీడ పొడవుతో భాగిస్తే వచ్చేదే టాన్, టాన్ 45 విలువ 1. పొద్దు వాలి 30 డిగ్రీలకు దిగేసరికి నీడ కర్రకు దాదాపు 1.732 రెట్లు. ఆ నీడను తాడుతో కొలిచి మరీ చూపించావు. ఊర్ధ్వ కోణం (నేలకు సమాంతరంగా ఉన్న చూపును పైకి ఎత్తిన కోణం) అనే మాటను అప్పటిదాకా బట్టీ పట్టాను, ఆ రోజు కళ్లతో చూశాను.

అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోలేదు. చెప్పాక "ఇప్పుడు నువ్వు మాకు చెప్పు" అని చాక్‌పీస్ నా చేతిలో పెట్టేదానివి. నేను నిజంగా నేర్చుకున్నది అక్కడే. చెబుతూ ఎక్కడ తడబడితే అక్కడే నాకు రాలేదని తెలిసేది. నీ సోషల్ పాఠాలు మిగిలిపోతున్నా మా కోసం కూర్చున్నావు. అది నేను అప్పుడు గమనించలేదు, క్షమించు.

ఇప్పుడు మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. త్రికోణమితి మొదలుపెట్టిన రోజు వాళ్లనీ ఎండలోకే తీసుకెళ్లాను. చాలా చాలా థాంక్స్.