మన ఫిల్మ్ సొసైటీ వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ ప్రదర్శనలు ఎప్పటిలాగే జరిగాయి, జాబితా నోటీసు బోర్డులో ఉంది. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఫిల్మ్ నువార్, అంటే చీకటీ నీడలూ నిండిన నేరకథా చిత్రాల ప్రదర్శనల గురించి, వాటి తర్వాత మన సభ్యులే తీసిన లఘుచిత్రం గురించి.

1920 నాటి ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’తో మొదలుపెట్టాం. సెట్టు మీదే నీడల్ని రంగుతో గీసేసిన జర్మన్ చిత్రం అది. తర్వాత ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎం’ చూపించాం. 1933లో నాజీలు అధికారంలోకి రావడంతో లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్‌మాక్ లాంటి సినిమావాళ్లు జర్మనీ వదిలి, చివరికి హాలీవుడ్ చేరారు. అక్కడ నేరకథల నవలలు అప్పటికే జోరుగా ఉన్నాయి. జేమ్స్ ఎం. కెయిన్ నవలకు, నేరకథల రచయిత రేమండ్ చాండ్లర్‌తో కలిసి స్క్రిప్టు రాసి, వైల్డర్ 1944లో ‘డబుల్ ఇండెమ్నిటీ’ తీశాడు. యుద్ధం వల్ల ఫ్రాన్స్‌కు చేరని ఇలాంటి అమెరికన్ చిత్రాలు 1946లో ప్యారిస్‌లో వరసగా ఆడాయి. వాటిని చూసి విమర్శకుడు నీనో ఫ్రాంక్ ‘ఫిల్మ్ నువార్’ అనే పేరు వాడాడు.

చర్చలో ఎక్కువమంది టోపీలు, సిగరెట్ పొగ, తడి రోడ్ల గురించే మాట్లాడారు. నాకు మాత్రం ‘డబుల్ ఇండెమ్నిటీ’ హీరో ఇన్సూరెన్స్ ఏజెంటు కావడమే ముఖ్యం. ఇల్లిల్లూ తిరిగి పాలసీలు అమ్మే మామూలు ఉద్యోగి డబ్బుకూ మోజుకూ లొంగి హత్యకు ఒప్పుకుంటాడు. ఈ రోజుల్లో అలాంటి మనిషి ఎక్కడుంటాడా అని ఆలోచించి, లోన్ యాప్ రికవరీ కాల్స్ చేసే కుర్రాడి కథ రాసుకున్నాం. డిటెక్టివ్ లేడు, టోపీ లేదు.

షూటింగ్‌కు చీకటి దొరకడమే కష్టమైంది. పసుపు సోడియం దీపాలు పోయి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాక మన వీధుల్లో నీడ నిలవడం లేదు. ఒక్క రాత్రి కొన్ని దీపాలు ఆపమని అర్జీ పెడితే, ఎన్నిసార్లు తిరిగినా అధికారుల సంతకం పడలేదు. చివరికి ఒక సభ్యుడి మేడ మీద గదిలో, కిటికీ బ్లైండ్స్ వెనక నుంచి ఒకే లైటు వేసి, నీడల్ని పలచబరిచే ఫిల్ లైట్ లేకుండా తీశాం. వెలుగు చారలు కనబడడానికి వైల్డర్ కెమెరామన్ జాన్ సైట్జ్ గాలిలో అల్యూమినియం పొడి ఎగరేయించాడు. మేం సాంబ్రాణి వేశాం, చక్కగా కుదిరింది. పన్నెండు నిమిషాల ఆ చిత్రం ఈ సొసైటీ చేసిన పనుల్లో ఉత్తమమైనదని గట్టిగా నమ్ముతున్నాను.

పేర్లిచ్చిన వాలంటీర్లలో సగానికి పైగా ఆ రాత్రి రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. ఇది బాధాకరం. తెల్లవారే దాకా స్టాండ్లు మోసిన ఇద్దరు విద్యార్థినులకు, రిటైర్డ్ లెక్చరర్ గారికి, టీ టిఫిన్లు పంపిన ఇంటివారికి, కెమెరా అద్దె తగ్గించిన స్టూడియో వారికి, చిన్న హాలు ఉచితంగా ఇచ్చిన గ్రంథాలయం వారికి సొసైటీ తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం, ఆడిట్ పూర్తయింది, ఆమోదించగలరు. చందా బకాయిలు ఉన్నవారు ఈ రోజే కోశాధికారి గారి దగ్గర కట్టి రసీదు తీసుకోండి.

వచ్చే ఏడాది గురుదత్ ‘బాజీ’ (1951)తో మొదలుపెట్టి, హిందీ సినిమాలోకి ఈ ధోరణి ఎలా వచ్చిందో చూద్దామని ప్రతిపాదిస్తున్నాను. ప్రొజెక్టర్, కుర్చీల బాధ్యత తీసుకునేవారు సభ ముగిసేలోగా పేర్లివ్వండి. ఇచ్చినవారు తప్పకుండా రండి.

— కార్యదర్శి