ఏలిముద్రకు ముందు కాగితం చదివి పెట్టినవాళ్లకు కృతజ్ఞతలు

అడ్డగుట్ట, బోరబండ బస్తీల్లో ఆడవాళ్ల భూమి హక్కుల శిబిరాలకు అక్కరకొచ్చిన అందరికీ శనార్థులు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి చేసిన పనులే చెబుతున్నాం.

ముందుగా రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు. "అక్కా, విరాసత్ (వారసుల పేరిట భూమి మార్పు) చేయిస్తున్న, ఒక్క ఏలిముద్ర ఎయ్యి" అని ఊరి నుంచి తమ్ముడు తెచ్చే కాగితం తరచూ భూమంతా అతని పేరిట ఎక్కించే ఒప్పుకోలో, హక్కు విడుదల దస్తావేజో అయి ఉంటుంది. దస్తావేజు రిజిస్టరైతే రద్దుకు సివిల్ కోర్టే దిక్కు. సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. ఆయన సర్వే నంబరు, విస్తీర్ణం చదివాక నేరుగా "ఇకపై నాకు ఏ హక్కూ లేదు" అనే ముక్కను వెతికి, వేలు పెట్టి చూపించేవారు. వాటాలూ గుంటల్లో (ఎకరానికి 40) లెక్కగట్టేవారు. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితం 4 ఎకరాల్లో భార్యకు, కొడుక్కి, ఇద్దరు కూతుళ్లకు తలా ఎకరం. నానమ్మ బతికుంటే తలా 32 గుంటలే. ముసలామె వాటా అందరూ మరిచిపోతారు!

వకీళ్లకూ దండాలు. "కట్నం ఇచ్చినం గదా" అంటే వాటా పోదని ఓపిగ్గా చెప్పారు. హిందూ వారసత్వ చట్టానికి 1986లో ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకే. 2005 సెప్టెంబరు 9 నుంచి పిత్రార్జితంలో పెళ్లయిన కూతుళ్లకూ కొడుకుతో సమాన హక్కు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదపలేం.

ఇదంతా తెలిసినా చాలామంది ఒడిబియ్యం దగ్గర ఆగిపోతారు. వాటా అడిగితే పుట్టింటి గడప బందైతది, బతుకమ్మకు పిలుపు రాదు, మొగుడు కొడితే వచ్చి నిలదీసే మనిషుండడు. ఇది ఉత్త భయమని మేము అనం. అందుకే మహిళా సంఘం అక్కలు దావా మాటెత్తకముందే పెద్దమనుషుల్లో కూర్చుని, పట్టా ఆడబిడ్డ పేరిట, సాగు కౌలుకు తమ్ముడికి అనే దారి చూపారు. పాస్‌బుక్కు ఆమెదైతే సర్కారు ఇచ్చే రైతు భరోసా సాయం ఆమె ఖాతాలోనే పడుతుంది. తమ్ముళ్లు మొదట గొణిగేది అక్కడే.

భూమి తాతల నాటిదని రుజువు కావాలంటే నిజాం కాలపు సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు) దాకా పోవాలి, అది ఉర్దూలో ఉంటుంది. చదివి పెట్టిన పాతబస్తీ మాస్టారుకు షుక్రియా. ఆధార్‌లో అత్తింటి పేరు, పాత కాగితాల్లో పుట్టింటి పేరు ఉండి ఆగిన దరఖాస్తులకు అఫిడవిట్లు రాసిన జెరాక్స్ షాపు తమ్ముడికీ అంతే.

కోర్టుకే పోవాల్సి వస్తే ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. న్యాయ సేవల సంస్థ ఫోన్ 15100.